సినిమా చెప్పిన వార్డెనమ్మ

వనపర్తిలో బి.ఎడ్. చదివేటప్పుడు నేను కిరాయికి ఉన్న ఇంట్లో, కింది వాటాలో ఓనరమ్మ మనవరాలు ఉండేది. రెండో తరగతి పిల్ల. ఎండాకాలం సెలవుల్లో దానికి టీవీయే లోకం. ఒక మధ్యాహ్నం నల్లా వచ్చిందేమో చూద్దామని బిందె పట్టుకొని మెట్లు దిగాను. వాళ్ళ తలుపు బార్లా తీసి ఉంది. టీవీలో తెల్లటి కొండ మీద ఒక గాడిద పిల్ల నడుచుకుంటూ పోతోంది. బూడిద రంగు ఒళ్ళు, ఒక చెవి మాత్రం తెలుపు. దాని వెనక కుంటుకుంటూ ఒక ముసలి బాతు.

బిందె అక్కడే పెట్టి గడపలో కూర్చున్నాను.

గాడిద పిల్ల ఆగి, నోరు తెరిచి తెలుగులో మాట్లాడింది. "అమ్మ ఈ దారినే వెళ్ళి ఉంటుంది" అంది. ఎవరో పట్నం పిల్ల గొంతు, ముద్దుముద్దుగా ఉంది. నాకు మాత్రం ఎట్లాగో అనిపించింది. ఆ గాడిద పిల్లను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. అది మాట్లాడుతుంటే ఎన్ని శనివారాలు విన్నానో. దాని గొంతు ఇది కాదు. నలభై దాటిన ఆడమనిషి గొంతు దానిది. కొంచెం బొంగురు, కొంచెం తొందర, పక్కన కూర్చున్నవాళ్ళకు లవంగం వాసన.

ఆ గొంతు మా వార్డెనమ్మది. అంతకు ముందటి వానాకాలంలోనే ఆమె పోయిందని బస్సులో కలిసిన ఒక పాత నేస్తం చెప్పింది. విని, కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. ఏడుపు రాలేదు. ఆమె పోవడం అనే మాట నా లోపలికి దిగలేదు, అంతే. ఇప్పుడు, ఇంకొకరి గొంతుతో ఆ గాడిద పిల్ల మాట్లాడేసరికి దిగింది.

* * *

మా హాస్టల్ నాగర్‌కర్నూలు ఊరి చివర ఉండేది. ఏదో సంస్థ వాళ్ళు నడిపేవాళ్ళు. అంతకు ముందు అది పల్లికాయల మిల్లు. మిషన్లు తీసేసి, సున్నం వేసి, ఆడపిల్లలను పెట్టారు. వాన పడ్డప్పుడల్లా గోడల్లోంచి పల్లినూనె వాసన వచ్చేది. ఆ వాసనకు ఆకలయ్యేది, నిద్ర కూడా వచ్చేది. ఇప్పటికీ తొలకరి వానకు నాకు ఆకలీ నిద్రా కలిసే వస్తాయి.

అక్కడున్న పిల్లలందరి కథా దాదాపు ఒకటే. మాది వీపనగండ్ల దగ్గరి పల్లె. దసరా పోయాక అమ్మా నాయినా కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రి వెంట పూణె దిక్కు పనికి పోయేవాళ్ళు, మళ్ళీ ఎండలు ముదిరాక వచ్చేవాళ్ళు. మధ్యలో ఉత్తరం లేదు, ఫోను లేదు. మానవపాడు దిక్కు పిల్లలు, నల్లమల నుంచి వచ్చిన చెంచు పిల్లలు, అందరం ఆ పాత మిల్లులో ఒక ఊరిలాగా ఉండేవాళ్ళం.

ఆ ఊరికి పెద్ద వార్డెనమ్మ. పొట్టి మనిషి. జడ మాత్రం మోకాళ్ళ దాకా, సగం నెరిసింది. తుంగభద్ర ఒడ్డున రాజోలి ఆమె ఊరు. అందుకని మాటల్లో కన్నడం దొర్లేది. 'చాలు' అనదు, 'సాకు' అంటుంది. బువ్వ పెట్టేటప్పుడు మేమూ "సాకు, సాకు" అనడం నేర్చుకున్నాం. ఇంటికి పోయి అట్లాగే అంటే మా అమ్మ, "ఏంది, ఎవ్వరిని సాకుమంటున్నవే?" అని నవ్వింది.

నడుముకు తాళాల గుత్తి ఉండేది. ఆమె వచ్చే ముందు ఆ చప్పుడు వచ్చేది. మేము దిండ్లతో కొట్టుకుంటున్నా, దొంగతనంగా బెల్లం తింటున్నా, ఆ గలగలకు అన్నీ సర్దుకొని పుస్తకాలు తెరిచేవాళ్ళం. కొన్నాళ్ళకు నాకొకటి అర్థమైంది. ఆమె మామూలుగా నడిస్తే ఆ తాళాలు అంత మోగవు. మా గది దగ్గరికి వచ్చేటప్పుడే చేత్తో ఎగరేసి మోగించేది. మమ్మల్ని పట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

నిజంగా కోపం వస్తే మర్యాద ఎక్కువయ్యేది. "తమరు తానం జేసిండ్రా? తమరికి సబ్బు అందిందా?" అని అడిగిందంటే ఆ పిల్ల పని అయినట్టే. తిట్లు వినపడుతున్నంతసేపు భయం లేదు. 'తమరు' వినపడితే మాత్రం అందరం గోడకు అతుక్కునేవాళ్ళం.

ఇంకో అలవాటు. ఎవరితో మాట్లాడుతున్నా, చేతికందిన పిల్ల నుదురు మీద చెయ్యి వేసేది. కూరగాయలతనితో బేరం చేస్తూ ఒక పిల్ల నుదురు, తనిఖీకి వచ్చిన సారుతో మాట్లాడుతూ ఇంకో పిల్ల నుదురు. చూపు మన మీద ఉండదు. కానీ సాయంత్రానికి, కొంచెం వేడిగా ఉన్న పిల్ల ముందు మిరియాల కషాయం గ్లాసు ఉండేది.

ఆమెకు పెళ్ళయిందో లేదో, పిల్లలు ఉన్నారో లేరో మాకు తెలియదు. పెద్ద తరగతి అక్కలు రకరకాలుగా చెప్పేవాళ్ళు. ఎండాకాలం సెలవులకు అందరం ఇళ్ళకు పోతే, పోవడానికి ఇల్లు లేని పిల్లలతో ఆమె అక్కడే ఉండిపోయేది. అంతవరకే మేము చూసింది.

* * *

నేను ఆరో తరగతిలో ఉండగా హైదరాబాదు నుంచి ఎవరో పెద్దమనుషులు వచ్చి హాస్టల్‌కు టీవీ, సీడీ ప్లేయరు ఇచ్చిపోయారు. దాంతోపాటు ఒకే ఒక్క సీడీ. ఇంగ్లీషు బొమ్మల సినిమా. ఎప్పటిదో, ఏ దేశందో, పేరున్న పిల్లల పుస్తకాన్ని సినిమా తీశారట. మొదట్లో తెర మీద ఒక లావుపాటి పుస్తకం తనంతట తాను తెరుచుకునేది. అందులోని గాడిద బొమ్మ మెల్లగా కదిలి, కాగితంలోంచి నడిచి బయటికి వచ్చేది. ఆ చోటికి వచ్చినప్పుడల్లా మేము ఊపిరి పీల్చడం మరిచిపోయేవాళ్ళం.

శనివారం మధ్యాహ్నం సినిమా. తల దువ్వుకొని వస్తేనే టికెట్టు. వార్డెనమ్మ తినే హాలు వాకిట్లో నిలబడి ఒక్కొక్కరి జుట్టు చూసి లోపలికి పంపేది. కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్ళం. బయట కళ్ళు చెదిరే ఎండ. లోపల ఎర్ర దుప్పటి దగ్గర ఎర్ర చీకటి, ఆకుపచ్చ దుప్పటి దగ్గర ఆకుపచ్చ చీకటి. నేల మీద నీళ్ళు చల్లేవాళ్ళం. ఆ చల్లదనం కాళ్ళలోంచి ఎక్కుతుంటే, తిన్న పప్పన్నం కళ్ళ మీదికి వస్తుంటే, మెలకువకూ నిద్రకూ మధ్య ఎక్కడో ఉండేవాళ్ళం.

వార్డెనమ్మ ఆ రోజు గద్వాల చీర కట్టేది. ఉన్నది అదొక్కటే. చిలకాకుపచ్చ, ఎర్రంచు. మేము దానికి 'సిన్మా చీర' అని పేరు పెట్టాం. టాకీసుకు పోయే మనిషిలాగా తయారై, టీవీ పక్కన ముక్కాలిపీట వేసుకొని, నోట్లో లవంగం పెట్టుకొని కథ మొదలుపెట్టేది. ఇంగ్లీషు చదవడం ఆమెకు కొంత వచ్చు. ఆ సినిమాలో వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు మాత్రం ఆమెకూ మాకూ ఒకటే. అందుకని టీవీ సప్పుడు తగ్గించి, తనే మాట్లాడేది.

"ఇదొక దేశం. ఈ దేశంల పత్తి చేన్ల పండది. పైనుంచి పడ్తది" అనేది, మంచు కురుస్తుంటే. మేమెవ్వరం మంచు కురవడం చూడలేదు. పత్తి మాకు తెలుసు. ఆకాశం నుంచి పత్తి దిగుతుంటే, ఏరే పని లేకుండా అంత పత్తి ఊరికే నేల మీద పడి ఉంటే, ఆ దేశం వాళ్ళు ఎంత సుఖంగా ఉంటారో అనుకునేవాళ్ళం.

కథ ఏమిటంటే, కొండ కింద పల్లెలో ఒక గాడిద, దాని పిల్ల. తల్లి ఉప్పు మూటలు మోస్తుంది. ఒకనాడు పొడుగు టోపీ పెట్టుకున్నాయన వచ్చి, తల్లిని ఇంకా చాలా గాడిదలతో కలిపి తాడు కట్టి తోలుకుపోతాడు. ఆ టోపీ ఆయనను వార్డెనమ్మ 'మేస్త్రి' అనేది. మాకు వేరే వివరం అక్కర్లేకపోయేది. పిల్ల నిద్ర లేచి చూస్తే తల్లి లేదు. మంచులో గిట్టల గుర్తులు పట్టుకొని బయలుదేరుతుంది. తోవలో కుంటి బాతు కలుస్తుంది. వార్డెనమ్మ లెక్కలో ఆ బాతుది రాజోలి. అది కూడా 'సాకు' అనేది.

ఆ వారం హాస్టల్‌లో ఏం జరిగిందో అది సినిమాలోకి వచ్చేది. ఎవరికన్నా జ్వరం వస్తే గాడిద పిల్లకూ జ్వరం, బాతు కషాయం కాచేది. ఎవరి తలలోనన్నా పేలు పడితే గాడిద పిల్లకూ పేలు. ఒక చిన్న పిల్ల పక్క తడుపుతుందని అందరం ఏడిపించిన వారం, గాడిద పిల్ల వాగులో పడే చోట వార్డెనమ్మ ఆగింది. "తడిసింది. అయితే ఏమైంది? బాతు నవ్విందా? నవ్వలే. ఎండల నిలవెట్టింది, ఆరింది" అంది. ఆ చిన్న పిల్ల ముందు వరసలో నిటారుగా కూర్చొని చూస్తోంది. ఆ తర్వాత దాన్ని ఎవ్వరూ ఏమీ అనలేదు. ఆ హాస్టల్‌లో 'గాడిద' అనే తిట్టు కూడా మెల్లగా పోయింది.

చివరికి గాడిద పిల్ల ఒక పెద్ద గుట్ట ఎక్కేది. ఎక్కి చూస్తే ఎదురుగా నీళ్ళు. అంత నీళ్ళు మాకు బీచుపల్లి దగ్గర కృష్ణ పొంగినప్పుడే తెలుసు. ఆ నీళ్ళ మీద దూరంగా తెల్ల తెరచాప ఓడ. అప్పుడు వార్డెనమ్మ లేచి నిలబడేది. "అగో, ఓడల అమ్మ వస్తున్నది. జూసిండ్రా? పిల్లను జూసింది, చెవులు ఊపుతున్నది. కత అయిపోయింది. సాకు" అని బటన్ నొక్కేది. తర్వాత ఏముందని అడిగితే సీడీకి గీతలు పడ్డాయి, ఇంక ముందుకు పోదు అనేది. మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. దుప్పట్లు విప్పితే ఎండ ఒక్కసారిగా మీద పడేది. కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చి, గేటు అవతలి తోవ చూసేవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పకపోయినా, అందరం చూసేవాళ్ళం.

* * *

జములమ్మ నా కంచం పక్క కంచం, నా చాప పక్క చాప. మానవపాడు దగ్గరి పల్లె. చిన్నప్పుడే నాయిన పోయాడు. తల్లి బిల్డింగు పనులకు పోయేది. జములమ్మ పెద్దగా మాట్లాడేది కాదు. చింతగింజలు, రంగురాళ్ళు ఏరి జేబులో వేసుకొని, అమ్మ వస్తే చూపించాలి అనేది.

ఆ శనివారం సినిమా సగంలో ఉండగా వాకిట్లో ఎవరో నిలబడ్డారు. భుజాన తువాలు, కాళ్ళకు దుమ్ము. వార్డెనమ్మ లేచి బయటికి పోయింది. ఆమె లేకపోయేసరికి గాడిద పిల్ల తెర మీద సన్నగా ఇంగ్లీషులో ఏదో అంటూ ఉంది. మాకు నవ్వు వచ్చింది. పెద్ద పిల్లలు తలా ఒక మాట కల్పించి చెప్పబోయారు. కుదరలేదు.

చాలాసేపటికి ఆమె లోపలికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, రంగురంగుల చీకట్లో వెతికింది. "జములమ్మా, ఇట్ల రా" అంది. జములమ్మ నా చెయ్యి పట్టుకొనే లేచింది. వదలలేదు. అట్లా నేనూ పోయాను.

బియ్యం బస్తాలు పెట్టే గదికి తీసుకుపోయింది. అక్కడ తువాలు మనిషి ఉన్నాడు, జములమ్మ మేనమామ. ఆయన కళ్ళు చూసి నాకు భయమైంది. ఆయన వార్డెనమ్మను బతిమాలుతున్నాడు. ఇప్పుడే ఏం చెప్పొద్దట. అమ్మకు పాణం బాగలేదని చెప్పి తీసుకుపోతాడట, ఊరికి పోయాక ఆడవాళ్ళు మెల్లగా చెబుతారట. వార్డెనమ్మ అడ్డంగా తల ఊపింది.

"ఇన్ని బస్సులు మారి, అమ్మను జూస్తనని ఆశతోని పోయి, ఆడ గడపల ఏడుపులు ఇనాల్నా అన్నా? వద్దు. నేను జెప్త."

ఆమె జములమ్మ ముందు నేల మీద కూర్చుంది. జములమ్మ నిలబడే ఉంది. అందుకని ఆమె మొహం ఎత్తి మాట్లాడవలసి వచ్చింది.

"బిడ్డా, అమ్మ పనికాడ పైనుంచి పడ్డది. పాణం పోయింది. ఇంక రాదు."

అంతే చెప్పింది. దేవుడి మాట తేలేదు, చుక్కల మాట తేలేదు. జములమ్మ ఏడవలేదు. పక్కన ఉన్న బియ్యం బస్తాను చూస్తూ నిలబడింది. దాని కుట్టు దారాన్ని వేలితో లాగుతోంది. అవతల హాల్లోంచి సన్నగా సినిమా పాట వినపడుతోంది. నా చెయ్యి ఆ పిల్ల చేతిలో చెమటతో జారిపోతోంది.

దారం లాగుతూనే అడిగింది. "మరి గాడిద పిల్ల వాల్లమ్మ?"

మేనమామకు ఏమీ అర్థం కాలేదు. వార్డెనమ్మకు అర్థమైంది. ఆమె మొహంలో అట్లాంటి తికమక నేను అంతకు ముందు చూడలేదు.

"ఆమె గూడ రాలే బిడ్డా" అంది చివరికి. "ఆ ఓడ వచ్చుడు గాదు, పోవుడు. నాకు జెప్పబుద్ధి గాక ఆడ్నే బంద్ జేస్తుంటి."

"మొత్తం జూస్త" అంది జములమ్మ.

చావు కబురు విని సినిమా చూడడమేమిటని మేనమామ గొణిగాడు. ఊళ్ళో వాళ్ళకు తెలిస్తే ఏమంటారని. వార్డెనమ్మ ఆయనకు కంచంలో బువ్వ పెట్టి, బస్సుకు ఇంకా టైముంది, తినమని చెప్పి, మమ్మల్ని హాలుకు తీసుకుపోయింది.

మేము పోయేసరికి గాడిద పిల్ల గుట్ట ఎక్కుతోంది. వార్డెనమ్మ ముక్కాలిపీట మీదికి పోలేదు. మా వెనక, గోడకు ఆనుకొని కూర్చుంది. జములమ్మ ఆమెకు ఆనుకుంది. నీళ్ళు కనపడ్డాయి, ఓడ కనపడింది. పిల్లలందరూ తిరిగి చూశారు, ఎప్పటి మాట కోసం. ఆమె ఎవరినో లేపి టీవీ సప్పుడు పెంచమంది.

మొదటిసారి ఆ సముద్రం చప్పుడు విన్నాం. పాత మిల్లు అంతా నిండిపోయింది. ఓడ చిన్నగా, ఇంకా చిన్నగా అవుతూ పోయింది. గాడిద పిల్ల ఒడ్డు దాకా పరుగెత్తి అరిచింది. ఓడ ఆగలేదు. చాలాసేపు అలలే. తర్వాత కట్టెలు ఏరుకునే ఒక ముసలామె వచ్చి, దాని మీద తన గొంగడి కప్పింది.

జములమ్మ అప్పుడు ఏడ్చింది. మొహం సిన్మా చీరలో పెట్టుకొని, చప్పుడు చేస్తూ, చిన్న పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. వార్డెనమ్మ ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యి వేసి తెర వైపే చూస్తోంది. తెర మీద పత్తి కరిగిపోయి గడ్డి మొలిచింది. గాడిద పిల్ల పెద్దదైంది. తెల్ల చెవి అట్లాగే ఉంది. ఒకనాడు తోవలో తప్పిపోయిన గొర్రెపిల్ల ఒకటి దాని వెంట పడింది. గాడిద ఆగి, అది తనను అందుకునేదాకా నిలబడి, మళ్ళీ నడిచింది. మెల్లగా, దాని నడకకు తగ్గట్టు. అక్కడ పుస్తకం మూసుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దుప్పట్లు విప్పడానికి ఎవరూ లేవలేదు. కొంతసేపు ఆ ఎర్ర చీకట్లో, ఆకుపచ్చ చీకట్లో అట్లాగే కూర్చున్నాం. తర్వాత జములమ్మ తన బట్టలు తానే మడత పెట్టుకొని, మేనమామ వెంట పోయింది.

* * *

పై శనివారం నుంచి వార్డెనమ్మ కథను చివరిదాకా చెప్పింది. గీతల మాట మళ్ళీ ఎత్తలేదు. మేమూ అడగలేదు. ఆ గొర్రెపిల్ల ఎవరిది, ఎక్కణ్ణుంచి వచ్చింది అని మాత్రం వారమంతా వాదించుకునేవాళ్ళం.

ఎండాకాలం పోయి బడులు తెరిచారు. జములమ్మ రాలేదు. ఆ పిల్లను మేనమామ తన పత్తి చేన్లో పనికి పెట్టాడని కబురు తెలిసింది. విత్తనాల పత్తి. ఒక పువ్వును ఇంకో పువ్వుకు రుద్దే పనికి చిన్న వేళ్ళయితే మేలని ఆడపిల్లలను పెట్టేవాళ్ళు. వార్డెనమ్మ ఒక ఆదివారం పోయి వచ్చింది. పని కాలం అయిపోయాక పంపుతామన్నారట. ఇంకోసారి పోయింది. అదే మాట. మూడో మాటు పోయేటప్పుడు సిన్మా చీర కట్టుకొని పోయింది. మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి ఇద్దరూ గేట్లోంచి వచ్చారు. చీర ఎర్రంచుకు పసుప్పచ్చ పుప్పొడి అంటుకొని ఉంది.

ఏం జరిగిందో జములమ్మ నాకు చాప మీద పడుకొని చెప్పింది. వార్డెనమ్మ పొద్దెక్కేసరికి చేనికి వచ్చిందట. దూరం నుంచే చూసి మేనమామ గట్టు మీద నిలబడ్డాడు, కొట్లాటకు సిద్ధమై. ఆమె ఆయనతో ఏమీ మాట్లాడకుండా కొంగు నడుముకు చెక్కుకొని జములమ్మ సాలులోకి దిగింది. పని ఎట్లా చెయ్యాలో పక్క పిల్లను అడిగి తెలుసుకుంది. మబ్బు లేని ఎండలో, పిల్లలతో ముచ్చట చెబుతూ, పొద్దు వాలేదాకా పువ్వులు రుద్దింది. చేన్లోని పిల్లలందరికీ గాడిద పిల్ల కథ చెప్పిందట, మొదటి నుంచి చివరిదాకా. పని అయ్యాక గట్టెక్కి, మేనమామ చెంబుతో నీళ్ళు ఇస్తే తాగి, అప్పుడు అంది.

"ఈ పొల్ల ఒక్కతి లేకుంటె నీ చేను ఆగదు అన్నా. నాతోని తోలు."

మేనమామ చెంబు వెనక్కి అందుకొని, "మా అక్క గూడ దీన్ని సదివియ్యాలనే అంటుండె" అన్నాడట. ఆ రాత్రికి ఇంట్లోనే ఉంచుకొని, పొద్దున తనే బస్సు ఎక్కించాడు.

* * *

వనపర్తిలో ఆ మధ్యాహ్నం, ఓనరమ్మ మనవరాలి పక్కన సినిమా చివరిదాకా చూశాను. తెలుగు బాతు ఒక కోపిష్టి ముసలాయన గొంతుతో మాట్లాడింది. మిలిటరీలో పనిచేసి వచ్చిన బాతు అట. టోపీ ఆయన మేస్త్రి కాదు, ఉత్త వ్యాపారి. జ్వరం లేదు, పేలు లేవు, కషాయం లేదు. ఎంత తక్కువ సినిమా అనిపించింది. సగం దానిలో లేనే లేదు.

తర్వాత ఆ పుస్తకం కోసం వెతికాను. మా కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషుది దొరికింది. అట్టలు ఊడిపోయి ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకొని, కొద్దికొద్దిగా చదివాను. పుస్తకంలో బాతు మంచులోనే చనిపోతుంది. ముసలామె గొంగడి కప్పడం లేదు. గొర్రెపిల్ల కూడా లేదు. గాడిద పిల్లను ఒడ్డున ఎవరో పట్టుకొని, ఉప్పు మూటలు వేస్తారు, అంతటితో అయిపోతుంది. రాసినాయనకు అట్లా రాయక తప్పలేదేమో. సినిమా తీసినవాళ్ళు పిల్లలు చూస్తారని ముసలామెను తెచ్చి పెట్టారు. వార్డెనమ్మ మా మొహాలు చూసి, ఓడను వెనక్కి తిప్పింది. ముగ్గురూ ఒకరినొకరు ఎరగరు.

నేను ఒక ఆదివారం గద్వాల పోయాను. జములమ్మ అక్కడ దవాఖానలో నర్సు. తెల్ల కోటు వేసుకొని, దవాఖాన వెనక మెట్ల మీద నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. సినిమా సంగతి చెప్పాను. తెలుగులో వస్తుందని తెలుసు, చూడలేదు అంది. చూడబుద్ధి కాదట.

హాస్టల్ మూసేశాక వార్డెనమ్మ రాజోలిలో చెల్లెలి కొడుకు ఇంటికి చేరింది. పోయిన వానాకాలం ఊపిరి అందక గద్వాలకు తెచ్చారు. ఆ వార్డులోనే జములమ్మ డ్యూటీ. అన్ని రోజులూ దవాఖానలో ఉన్నా, ఆమెకు తన ముక్కుకు పెట్టిన గొట్టం కంటే పక్క మంచాల మీదివాళ్ళు తిన్నారా లేదా అన్నదే బెంగ అట. చెల్లెలి కొడుకు, వచ్చిపోయే చుట్టాలు, చివరికి డాక్టరు కూడా అదే మాట చెబుతూ ఉన్నారు. తగ్గిపోతుంది, రేపో ఎల్లుండో ఇంటికి పోతావు అని.

ఒక మధ్యాహ్నం చుట్టాలంతా బువ్వకు పోయినప్పుడు వార్డెనమ్మ జములమ్మను దగ్గరికి పిలిచింది.

"జములమ్మా, నిజం జెప్పు. నేను ఇంటికి పోతనా?"

ఇది చెబుతూ జములమ్మ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. తను ఎంతోమందికి 'పోతావు' అని చెప్పిన మనిషే. ఆ ఉద్యోగంలో అది రోజూ అనే మాటే. అయినా ఆమెతో అనలేకపోయింది.

"పోలేవమ్మా అని జెప్పిన" అంది జములమ్మ. "ఇంక ఇంటికి పోవు అని."

వార్డెనమ్మ భయపడలేదట. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న జవాబు దొరికినట్టు, దిండు మీద తల సర్దుకుంది. కిటికీలోంచి వాన వెలుతురు మొహం మీద పడుతుంటే కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, డ్యూటీ అయిపోయిందా అని అడిగింది. అయిపోయింది అంది జములమ్మ.

"అయితె జరసేపు కూసో" అంది.